బ్లాకులన్నీ ఒకే కొలతకు రాలేదా? కట్టర్ పక్కన పెట్టి, ముందు ఇస్త్రీ పెట్టె తీయండి

మీ ప్రశ్నని ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకి తెలియాలి కదా. డాలస్‌లో ఉంటారు, మొదటి క్విల్ట్ (ముక్కలు కలిపి కుట్టే దుప్పటి), దానికి 20 సాటూత్ స్టార్ బ్లాకులు, అంటే ముక్కలతో కుట్టిన నక్షత్రం చదరాలు, కుట్టారు. ఒక్కోటి కుట్టు మార్జిన్‌తో కలిపి 12½ అంగుళాలు రావాలి. ఏడు 12¼ వచ్చాయి, ఎనిమిది 12⅜కీ 12½కీ మధ్యలో ఉన్నాయి, మిగతా అయిదు 12⅝ దాకా పోయాయి. "అక్కా, అన్నిటినీ 12¼కి కోసేసి కలిపేయనా?" అని అడిగారు. కింద కామెంట్లలో ఇద్దరు ముగ్గురు కోసేయమనే చెప్పారు.

కోయకండి. కనీసం ఇప్పుడే కోయకండి.

ఎందుకో చెప్పాలంటే మీ బ్లాక్‌నే తీసుకుందాం. మధ్యలో పెద్ద చదరం, నాలుగు పక్కలా నాలుగు ఫ్లయింగ్ గీస్ (పెద్ద త్రికోణానికి రెండు వైపులా చిన్న త్రికోణాలు కుట్టిన పొడవాటి ముక్కలు), నాలుగు మూలల్లో చిన్న చదరాలు. నక్షత్రానికి ఎనిమిది మొనలు, బ్లాక్ ఒక్కో పక్కన రెండేసి. ఒక బ్లాక్ చేతిలోకి తీసుకుని ఒక మొన దగ్గర చూడండి. ఆ మొన గుడ్డ చివరి దాకా రాదు, చివరికి పావు అంగుళం లోపలే ఆగుతుంది. ఆ పావు అంగుళం వృథా గుడ్డ కాదు, పక్క బ్లాక్‌తో కలిపేటప్పుడు కుట్టులోకి పోవాల్సిన భాగం. 12⅝ ఉన్న బ్లాక్‌ని 12¼కి కోశారంటే ఒక్కో పక్క 3/16 అంగుళం పోతుంది. మొన బయట మిగిలేది 1/16. దాని మీద మళ్లీ పావు అంగుళం కుట్టు వేస్తే నక్షత్రం మొన తెగిపోయి, మొద్దుగా మిగులుతుంది. బ్లాకులు ఒకే కొలతకు వస్తాయి, నక్షత్రాలు పోతాయి.

చేత్తో ముక్కలు కలిపి కుట్టేవాళ్లకి ఈ తలనొప్పి దాదాపు ఉండదు. వాళ్లు గుడ్డ వెనక పెన్సిల్‌తో కుట్టు గీతే గీసుకుంటారు, ఆ గీత మీద కుడతారు. బయట గుడ్డ కాస్త ఎక్కువున్నా తక్కువున్నా వాళ్లకి పట్టింపు లేదు. మిషన్ మీద మనం గీత గీసుకోం. కోసిన అంచుని పాదం పక్కన ఆనించి పోనిస్తాం. అంటే మనకి కోసిన అంచే గీత. అంచు ఎక్కడుంటే కుట్టు అక్కడి నుంచి పావు అంగుళం లోపల పడుతుంది. కాబట్టి బ్లాక్ అంచు కోసిన ప్రతిసారీ మీరు కుట్టు పడే చోటునే జరుపుతున్నారు. ఇది మనసులో పెట్టుకుంటే ఎక్కడ కోయొచ్చో, ఎక్కడ కోయకూడదో మీకే తెలిసిపోతుంది.

ముందు ఏం జరిగిందో కనిపెడదాం. మీరు చెప్పిన అంకెలే సగం కథ చెబుతున్నాయి.

సాటూత్ స్టార్‌లో వరసకి 3½, 6½, 3½ ముక్కలు ఉంటాయి. మొత్తం 13½. రెండు కుట్లలో అంగుళం పోయి 12½ మిగలాలి. మీరు పావు అంగుళం బదులు 1/16 ఎక్కువ పట్టారనుకోండి. ఒక్కో కుట్టులో రెండు పొరలూ ఉంటాయి కాబట్టి పోయేది ⅛. రెండు కుట్లకి పావు అంగుళం. వచ్చేది సరిగ్గా 12¼. 1/32 ఎక్కువ పడితే 12⅜. మీ మొదటి రెండు గుంపులూ ఇవే అని నా అనుమానం. ఒక రోజు పాదం అంచుకీ, ఇంకో రోజు ప్లేట్ మీది గీతకీ ఆనించి కుట్టి ఉంటారు. 1/32 అంటే లెక్కలోకి రాదనిపిస్తుంది కానీ, కుట్లు పెరిగే కొద్దీ అది కూడుతూ పోతుంది. మధ్య చదరం చుట్టూ పట్టీలు కుట్టుకుంటూ పోయే లాగ్ క్యాబిన్ బ్లాక్‌లో, ఆ చదరానికి ఒక్కో పక్క నాలుగు పట్టీలు ఉంటే అడ్డంగా ఎనిమిది కుట్లు. అదే పొరపాటు అక్కడ అర అంగుళం తినేస్తుంది.

12⅝ వచ్చిన అయిదింటి సంగతి వేరు. అవి సాగాయి. కుట్టు సన్నంగా పడటం వల్ల కూడా పెరగొచ్చు. అలాంటప్పుడు బ్లాక్ నాలుగు వైపులా ఒకేలా పెరుగుతుంది, బల్ల మీద పరిస్తే చదునుగా కూర్చుంటుంది. మీరు "అంచులు అలలు తిరిగాయి" అని రాశారు. అది సాగిన గుడ్డ లక్షణం. ఇక్కడ ఒకటి అడగాలి: ఆ అయిదింటికీ ఫ్లయింగ్ గీస్‌లో పెద్ద త్రికోణాలు ఎలా కోశారు? 7¼ చదరాన్ని రెండు మూలల గుండా, ఇంటూ గుర్తులాగా కోస్తే నాలుగు త్రికోణాలు వస్తాయి. వాటి పొడవాటి పక్క పడుగు లేదా పేక వెంబడి ఉంటుంది, సాగదు. కొంచెం చిన్న చదరాన్ని ఒక్క మూలగానే కోసి రెండు త్రికోణాలు తీస్తే, కొలత సరిపోయినట్టే ఉంటుంది కానీ పొడవాటి పక్క క్రాస్‌లో, అంటే నేతకి ఏటవాలుగా, వస్తుంది. ఫ్లయింగ్ గీస్‌లో ఆ పొడవాటి పక్కే బ్లాక్ బయటి అంచు. బయటి అంచు క్రాస్ అయితే ఇస్త్రీ పెట్టె తగిలిన ప్రతిసారీ అది సాగుతుంది. బ్లౌజ్ పైపింగ్‌కి క్రాస్ పట్టీ ఎందుకు కోస్తామో తెలుసు కదా, సాగి వంపు తిరగాలనే. ఆ గుణమే ఇక్కడ మన కొంప ముంచుతుంది.

గుడ్డని చేత్తో పట్టుకుని చిన్నగా లాగి చూడండి. అంచు వెంబడి లాగితే కదలదు, అడ్డంగా లాగితే కాస్త ఇస్తుంది, మూలగా లాగితే రబ్బరులా సాగుతుంది. మీ దగ్గర మిగిలిన ముక్కతో ఇప్పుడే చేసి చూడొచ్చు.

కొలిచేటప్పుడు రెండు పక్కలూ కొలిచి వదిలేయకండి. ఒక మూల నుంచి ఎదుటి మూలకి, రెండు వైపులా కొలవండి. 12½ చదరానికి మూల కొలత 17 11/16 దగ్గర రావాలి. రెండు మూల కొలతలూ సమానంగా ఉంటే బ్లాక్ చదరంగా ఉంది, ఉన్న తేడా అంతా కొలతలోనే. ఒకటి 17½, ఇంకొకటి 17⅞ వస్తే బ్లాక్ ఒరిగింది, పక్కలు నాలుగూ 12½ ఉన్నా సరే. నాలుగు పక్కల మధ్యా లోపలికి నొక్కుకుపోయి ఉంటే, ఎక్కడో కుట్టు దగ్గర గుడ్డ పూర్తిగా తెరుచుకోలేదు. ముందు వైపు నుంచి చూడండి, కుట్టు పక్కన సన్నని మడత ఉండిపోయి ఉంటుంది. దాన్ని గోటితో తెరిచి ఇస్త్రీ చేస్తేనే కొన్నిసార్లు ⅛ దాకా తిరిగొస్తుంది. 12⅜ వచ్చిన వాటిలో కొన్ని ఈ బాపతే అయినా నేను ఆశ్చర్యపోను.

ఇంకో మాట, టేపుతో కొలవకండి. టైలరింగ్ టేపు వాడే కొద్దీ సాగుతుంది, ⅛ తేడాలు పట్టుకోవటానికి అది పనికిరాదు. కోసేటప్పుడు కింద పరిచే మ్యాట్ మీది గీతల్నీ నమ్మొద్దు. మొదటి ముక్క కోసినప్పుడు ఏ రూలర్ వాడారో చివరి దాకా అదే వాడండి. రెండు కంపెనీల రూలర్లు పక్కపక్కన పెట్టి చూస్తే గీత మందంలోనే తేడా ఉంటుంది.

సరే, ఇప్పుడు బ్లాకింగ్, అంటే బ్లాక్‌ని కొలతకి సర్ది పిన్నులు పెట్టి, తడిపి, ఆరబెట్టటం. దీని గురించి చాలామందికి అనుమానం, "లాగి పిన్నులు పెడితే నిలుస్తుందా?" అని. కాటన్‌కి నిలుస్తుంది. గంజి పెట్టిన నేత చీరని ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగి అంచులు సరిచేస్తారు చూడండి, ఇదీ అంతే. నూలు తడి పీల్చినప్పుడు పోగులు ఉబ్బి వదులవుతాయి, పోగుల్లో ఒకదాన్నొకటి పట్టి ఉంచే బంధాలు సడలుతాయి. ఆ స్థితిలో ఏ ఆకారంలో ఉంచి ఆరబెడితే ఆ ఆకారంలో మళ్లీ బిగుస్తాయి. గంజి ఉంటే ఆ పట్టు ఇంకా గట్టిగా ఉంటుంది. పాలియెస్టర్ నీళ్లు దాదాపు పీల్చదు కాబట్టి దానికి ఈ మంత్రం పారదు. పట్టు ముక్కలు వాడినవాళ్లు నీళ్లు చల్లకండి, మరకలు పడతాయి.

బల్ల మీద ఒక పాత దుప్పటి నాలుగు మడతలు వేసి పరవండి. ఇస్త్రీ బల్ల సన్నగా ఉంటుంది, 12½ బ్లాక్‌కి చాలదు. దాని పైన ఉతికిన తెల్ల కాటన్ గుడ్డ బిగుతుగా పరిచి అంచులు పిన్ చేయండి. ఆ గుడ్డ మీద పెన్సిల్‌తో 12½ చదరం గీయండి. లోపల నాలుగు అంచుల నుంచీ 3¼ దూరంలో గీతలు గీయండి, మీ కుట్లు పడాల్సిన చోటు అదే. 3½ ముక్కలో పావు కుట్టులోకి పోగా మిగిలేది 3¼ కదా. మధ్య గీతలు రెండు, మూల గీతలు రెండు కూడా గీస్తే ఇంకా మంచిది. బాల్ పెన్ వాడితే తడికి రంగు బ్లాక్‌కి అంటుతుంది. వేడికి మాయమయ్యే పెన్నులు వాడారంటే ఇస్త్రీ పెట్టగానే మీరు గీసిన గీతలే మాయమవుతాయి! పెన్సిల్ చాలు.

బ్లాక్‌ని బోర్లా కాకుండా ముందు వైపు పైకి ఉండేలా పెట్టండి. ముందు మధ్య చదరం నాలుగు మూలల్ని లోపలి గీతల మూలల మీద కూర్చోబెట్టి పిన్ చేయండి. చాలామంది బయటి మూలల నుంచి మొదలుపెట్టి లాగుతారు. బయట చదరంగానే వస్తుంది, లోపల నక్షత్రం పక్కకి ఒరిగిపోతుంది. లోపలి నుంచి బయటికి రావాలి. తర్వాత బయట నాలుగు మూలలు, తర్వాత ప్రతి పక్కా మధ్యలో, తర్వాత కుట్లు అంచుని తాకే చోట్ల. గాజు తల ఉన్న గుండుసూదులే వాడండి, ప్లాస్టిక్ తలలు ఇస్త్రీ వేడికి కరిగి గుడ్డకి అంటుకుంటాయి. పిన్ను కాస్త బయటికి వాల్చి గుచ్చితే గుడ్డ జారదు.

ఇప్పుడు స్ప్రే సీసాతో నీళ్లు. గుడ్డ చల్లగా, చెమ్మగా తగలాలి, నీళ్లు కారకూడదు. అరచేత్తో మెల్లగా తడుతూ, ఎక్కువున్న గుడ్డని లోపలికి సర్దండి. సాగిన 12⅝ బ్లాకులకి ఇక్కడే పని జరుగుతుంది: అలలు తిరిగిన అంచుని గీత లోపలికి నెట్టి పిన్నుల మధ్య చిన్న చిన్న ఉబ్బులుగా ఉంచండి. ఇస్త్రీ పెట్టెని ఆ ఉబ్బు మీద నిలువుగా ఆన్చి, నాలుగైదు అంకెలు లెక్కపెట్టి, నిలువుగానే ఎత్తండి. తోయకూడదు. తడి ఆవిరై పోతూ ఉంటే ఆ ఉబ్బు మీ కళ్ల ముందే కుదించుకుపోతుంది. చూడటానికి భలే ఉంటుంది. కుదించుకోకపోతే మళ్లీ కొంచెం నీళ్లు చల్లి, మళ్లీ ఆన్చండి. పిన్నుల దగ్గర మాత్రం స్టీమ్ బటన్ నొక్కి, పెట్టెని గుడ్డకి తగలకుండా పైన అర అంగుళం ఎత్తులో పట్టుకుంటే చాలు.

తర్వాత పలచటి గంజి స్ప్రే చేసి, పిన్నులు తీయకుండా పూర్తిగా ఆరనివ్వండి. రాత్రంతా వదిలేస్తే మంచిది. చాలామందికి ఓపిక లేనిది ఇక్కడే. గుడ్డ వెచ్చగా, చెమ్మగా ఉండగానే పిన్నులు పీకేస్తే బ్లాక్ వెంటనే పాత ఆకారానికి పోతుంది, "బ్లాకింగ్ అంతా ఉత్తిదే" అంటారు.

గంజి సంగతి వచ్చింది కాబట్టి: డబ్బాల్లో వచ్చే స్ప్రే స్టార్చ్ బాగానే ఉంటుంది కానీ, ఇంట్లో అన్నం వార్చిన గంజిని బాగా వడకట్టి, పలచగా చేసి వాడినా పని అవుతుంది. దాచిన గుడ్డలకి మాత్రం వద్దు, పురుగు పడుతుంది. క్విల్ట్ పూర్తవగానే ఉతికేస్తారు కాబట్టి మీకు భయం లేదు. గంజి పెట్టటానికి అసలైన సమయం కోయక ముందు. గుడ్డ ఉతికి, గంజి పెట్టి, కాగితంలా పెళపెళలాడేలా ఇస్త్రీ చేసి అప్పుడు ముక్కలు కోస్తే, క్రాస్ అంచులు కూడా బుద్ధిగా ఉంటాయి. రంగు దిగే గుడ్డలైతే ఉతకటం ఎలాగూ తప్పదు. కలంకారీ, ఇక్కత్ ముక్కలు వాడేవాళ్లకి ఇది ప్రత్యేకంగా చెబుతున్నా: చేనేత గుడ్డ నేత వదులుగా ఉంటుంది, మిల్లు క్విల్టింగ్ కాటన్ కంటే త్వరగా సాగుతుంది, ఉతికితే ఎక్కువ కుదించుకుంటుంది. రెండూ కలిపి ఒకే బ్లాక్‌లో వాడుతుంటే కోయక ముందు రెంటినీ ఉతికి గంజి పెట్టాల్సిందే.

బ్లాకింగ్‌తో ఎంత వరకు సరిచేయొచ్చు? 12½ బ్లాక్‌కి ⅛ నిశ్చింతగా. సాగినదాన్ని కుదించేటప్పుడు అంతకంటే కాస్త ఎక్కువ కూడా వస్తుంది. కానీ పొట్టిగా ఉన్నదాన్ని పావు అంగుళం లాగి పెంచటం కుదరదు. కుట్టులో దాక్కున్న గుడ్డ పిన్నులు పెడితే బయటికి రాదు. లాగితే కుట్ల దగ్గర దారం కనబడుతుంది, క్విల్ట్ ఉతకగానే మళ్లీ ముడుచుకుంటుంది. కాబట్టి మీ 12¼ బ్లాకులు ఏడింటికి బ్లాకింగ్ మందు కాదు.

వాటికి రెండు దారులు. మొదటిది, కుట్లు విప్పి మళ్లీ కుట్టటం. ఏడు బ్లాకులే కదా, ఒక్కో దానిలో విప్పాల్సింది రెండు పొడవాటి కుట్లు, వరసల్లో ఆరు చిన్న కుట్లు. ఫ్లయింగ్ గీస్ యూనిట్లు (త్రికోణాలు కలిపి కుట్టిన ఆ చిన్న భాగాలు) విడిగా కొలిచి 3½ × 6½ ఉంటే వాటిని విప్పక్కర్లేదు. అవీ తక్కువుంటే, అప్పుడు నేనైతే విప్పను, విప్పే కొద్దీ క్రాస్ అంచు ఇంకా పాడవుతుంది. రెండో దారి, ఆ ఏడింటికీ చుట్టూ 1½ అంగుళం పట్టీ కుట్టి, మిగతా 13 బ్లాకులకి కూడా అదే రంగు పట్టీ కుట్టి, అన్నిటినీ 14 అంగుళాలకి కోయటం. 12½ బ్లాక్‌కి పట్టీ కుడితే 14½ అవుతుంది, 12¼ దానికి 14¼. రెండూ 14కి కోసినా మొనలు పట్టీ లోపల భద్రంగా ఉంటాయి. పట్టీ వెడల్పులో ⅛ తేడా ఎవరి కంటికీ ఆనదు, మొన తెగితే గది అవతలి నుంచి కనబడుతుంది. బ్లాకుల మధ్య సాష్ (వాటిని విడదీసే పట్టీ) వేసే ఆలోచన మీకు ఎలాగూ ఉందన్నారు కాబట్టి నా ఓటు ఈ దారికే. పట్టీ ముక్కలు మాత్రం పొడవు కొలిచి కోసి, మధ్యలు కలిపి పిన్ చేసి కుట్టండి. పొడవాటి పట్టీ పెట్టి కుట్టుకుంటూ పోయి చివర కత్తిరిస్తే బ్లాక్ మళ్లీ అలలు తిరుగుతుంది.

అసలు 20 బ్లాకులూ 12¼ వచ్చి ఉంటే మీకు సమస్యే లేదు. మొనలకి అవతల పావు అంగుళం ఉందో లేదో చూసుకుని, సాష్ 12¼కి కోసుకుంటే అయిపోయేది. ప్యాటర్న్ కాగితం మీద రాసిన అంకెకి సరిపోవటం కంటే బ్లాకులు ఒకదానికొకటి సరిపోవటం ముఖ్యం.

ఇప్పుడు కోయటం గురించి. కోయటానికి సరైన చోటు పూర్తయిన బ్లాక్ కాదు, దానికంటే ఒక మెట్టు ముందు, చిన్న యూనిట్. ఫ్లయింగ్ గీస్‌నే కాస్త పెద్దగా కుట్టి, కొలతకి కోసుకుంటే బ్లాక్ దాదాపు దానంతట అదే సరిగ్గా వస్తుంది. ఒక పెద్ద చదరం, నాలుగు చిన్న చదరాలతో ఒకేసారి నాలుగు గీస్ తీసే పద్ధతిలో లెక్క ప్రకారం 7¼, 3⅞ కావాలి. నేను 7½, 4 కోయమంటాను. ఆ కాస్త గుడ్డ పోతే పోయింది. పైగా ఈ పద్ధతిలో పెద్ద త్రికోణం పొడవాటి పక్క ఎప్పుడూ పడుగు పేకల వెంబడే వస్తుంది, క్రాస్ గొడవే ఉండదు.

యూనిట్‌ని కోసేటప్పుడు రూలర్‌ని ఎక్కడ పెట్టాలో జాగ్రత్తగా చూడండి. త్రికోణం శిఖరం దగ్గర రెండు కుట్లు కలుస్తాయి. ఆ బిందువు యూనిట్ పై అంచుకి సరిగ్గా పావు అంగుళం కింద, పక్క అంచులకి సరిగ్గా 3¼ దూరంలో ఉండాలి. 45 డిగ్రీల గీత కుట్టు మీద పడుకోవాలి. పై అంచు, కుడి అంచు కోయండి. తర్వాత యూనిట్‌ని తిప్పి, కోసిన అంచుల్ని 3½, 6½ గీతలకి ఆనించి మిగతా రెండూ కోయండి. సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవటానికి ఒక గుర్తు: కింద రెండు మూలలు చూడండి. ఏటవాలు కుట్టు మూల కొసలోకే వచ్చి దిగాలి. మూలకి పక్కన దిగితే రూలర్ జరిగినట్టే.

యూనిట్‌ని బ్లాక్‌లో కుట్టేటప్పుడు గీస్ వెనక వైపు పైకి ఉండేలా మిషన్ మీద పెట్టండి. శిఖరం దగ్గర రెండు కుట్లు ఇంటూ గుర్తులా కనబడతాయి. మీ సూది ఆ ఇంటూ మధ్య బిందువు మీద కాకుండా, ఒక పోగు బయటి వైపుగా పోవాలి. మధ్య మీదే పోతే ఇస్త్రీ చేశాక గుడ్డ మడత మందం వల్ల శిఖరం కాస్త మొద్దుబారుతుంది.

పూర్తయిన బ్లాక్‌ని చివరికి సరిచేయాల్సి వస్తే, అది బ్లాకింగ్ అయి, ఆరి, ఒక పూట విడిగా ఉన్నాక. అప్పుడు 12½ చదరపు రూలర్ తీసుకుని, దాని 6¼ బిందువుని బ్లాక్ నడిమధ్యన పెట్టండి. ఒక మూల నుంచి మొదలుపెట్టకండి, అలా చేస్తే ఒక పక్క మొనలు బాగుంటాయి, ఎదుటి పక్కవి పోతాయి. కోయక ముందు నాలుగు పక్కలా ఎనిమిది మొనల దగ్గరా పావు అంగుళం ఉందా అని చూడండి. ఏడు చోట్ల ఉండి ఒక చోట లేకపోతే రూలర్‌ని వెంట్రుకవాసి జరిపి సర్దుకోవచ్చు. కోసేది దారాలు, అంచు దాటి వచ్చిన త్రికోణాల కొసలు, ఒక పోగో రెండు పోగులో. ⅛ కంటే ఎక్కువ గుడ్డ తెగుతోందంటే ఆగి, ఎందుకని చూడండి.

ఇండియాలో ఉండి చదివేవాళ్ల కోసం: పెద్ద చదరపు రూలర్లు ఇక్కడికి వచ్చేసరికి ధర మండిపోతుంది. నేమ్ బోర్డులు చేసే షాపుల్లో యాక్రిలిక్ షీటుని లేజర్‌తో కోసి ఇస్తారు. 12½ చదరం, అంచుకి పావు అంగుళం లోపల చుట్టూ గీత, మధ్య గీతలు, మూల గీతలు గీసి ఇమ్మనండి. ఇచ్చాక మంచి స్టీల్ స్కేలుతో నాలుగు పక్కలూ, రెండు మూలలూ కొలిచి తీసుకోండి. రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే బ్లేడు) లేకపోతే దాని చుట్టూ పెన్సిల్ గీసి కత్తెరతో కోసినా చాలు. ఓల్ఫా కంపెనీ రోటరీ కట్టర్ తెచ్చింది 1979లో. అంతకు ముందు అమెరికాలో చాలా క్విల్టులు అట్ట నమూనా, పెన్సిల్, కత్తెరలతోనే అయ్యాయి.

మిషన్ సంగతి చూడకుండా మళ్లీ కుట్టటం మొదలుపెట్టకండి. 1½ వెడల్పు పట్టీలు మూడు కోసి పక్కపక్కన కలిపి కుట్టి, ఇస్త్రీ చేయండి. మొత్తం 3½, మధ్య పట్టీ సరిగ్గా 1 అంగుళం రావాలి. మధ్యది తక్కువొస్తే కుట్టు వెడల్పు ఎక్కువ. పావు అంగుళం అని రాసి ఉన్నా, నిజంగా కావాల్సింది దానికి ఒకటి రెండు పోగులు తక్కువ, మడత తినే గుడ్డని కూడా లెక్కేసుకోవాలి కాబట్టి. పాదం పావు అంగుళం అని నమ్మొద్దు. రూలర్ పావు గీతకి ఒకటి రెండు పోగులు అంచు వైపుగా సూది పడేలా రూలర్ పెట్టి, సూది మెల్లగా దింపి ఆన్చి, రూలర్ అంచు వెంబడి మాస్కింగ్ టేపు నాలుగైదు పొరలు అంటించండి. పొరలుగా ఉంటే గుడ్డ దానికి తగిలి ఆగుతుంది. పాదం కింద గుడ్డని జరిపే పళ్ల మీద మాత్రం టేపు పడకూడదు. కాళ్ల మిషన్ మీద కుట్టేవాళ్లకీ ఇదే ఉపాయం. దారం లావుగా ఉంటే అది కూడా చోటు తింటుంది, సన్నని 50 నంబరు కాటన్ దారం మేలు.

ఇస్త్రీకి రెండే మాటలు. కుట్టగానే తెరవకుండా మూసి ఉన్నట్టే ఒకసారి పెట్టె ఆన్చి, తర్వాత తెరిచి, నిలువుగా ఎత్తి దించుతూ చేయండి. యూనిట్లు చేసేటప్పుడు స్టీమ్ వద్దు. మూల చదరానికీ గీస్‌కీ మధ్య కుట్టుని మూల వైపు, గీస్‌కీ మధ్య చదరానికీ మధ్య కుట్టుని మధ్య వైపు మడవండి. వరసలు కలిపేటప్పుడు ఆ మడతలు ఎదురెదురుగా వచ్చి ఒకదానికొకటి గట్టిగా కూర్చుంటాయి. పిన్ను లేకపోయినా కుట్లు కలుస్తాయి.

కింద కామెంట్లలో ఒకావిడ రాశారు, "జీస్ బెండ్ క్విల్టులు చూడండి, ఒక్క గీత తిన్నగా ఉండదు, మ్యూజియంలో పెట్టారు" అని. నిజమే. అలబామాలో ఆ ఊరి ఆడవాళ్ల క్విల్టులని 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శించారు, 2006లో తపాలా బిళ్లలు కూడా వేశారు. నాకూ అవంటే ప్రాణం. మన బొంతలూ అంతే, పాత చీరలు పొరలుగా పరిచి చేతి కుట్టుతో కలిపేసేవాళ్లు, ఎవరూ కొలవలేదు. కానీ అవి ముక్క పక్కన ముక్క చేర్చుకుంటూ, వచ్చిన ఆకారాన్ని బట్టి తర్వాతిది ఎంచుకుంటూ పెరిగే పని. వాటికి అదే అందం. మీరు ఎంచుకున్నది 20 నక్షత్రాలు మొనా మొనా కలవాల్సిన డిజైన్. దీనికి ఆ వాదన పనికిరాదు. కొలవటం మీకు విసుగైతే డిజైన్ మార్చుకోండి, అది తప్పేమీ కాదు.

కలిపేటప్పుడు బ్లాక్‌కీ సాష్‌కీ మధ్య ⅛ దాకా తేడా మిగిలితే భయపడకండి. రెండు చివర్లూ, మధ్యా కలిపి పిన్ చేసి, పొడవున్నది కిందకి ఉండేలా మిషన్ మీద పెట్టండి. కింద పళ్లు ఆ ఎక్కువ గుడ్డని మెల్లగా లోపలికి తీసుకుంటాయి. పైన పెడితే పాదం దాన్ని ముందుకు తోసి చివర్లో మడత పడేస్తుంది.

ముందుగా ఆ 12⅝ అయిదింటికీ ఇవాళ రాత్రి నుంచి బ్లాకింగ్ మొదలుపెట్టండి, ఒకేసారి రెండు బ్లాకులకి చోటుంటే చాలు. 12⅜ వాటిని మడతలు తెరిచి ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. 12¼ వాటిలో ఒకదాని వెనక వైపు ఫొటో పెట్టండి, కుట్టు పక్కన రూలర్ ఆనించి, అంకెలు కనబడేలా. గీస్ యూనిట్‌లోనే తగ్గిందా, వరస కుట్లలో తగ్గిందా అన్నది దాన్ని చూస్తే చెప్పేయొచ్చు. అది తేలాకే విప్పటమా, పట్టీ వేయటమా అన్నది చూద్దాం.